నూట నలభై ఏడో కార్డు

నూట నలభై ఏడో కార్డు చేతిలోకి రాగానే వకుళ వేళ్లు ఆగిపోయాయి.

కార్డు మీద నాలుగు వలయాలున్నాయి. మూడింటిలో ఎండిన నెత్తురు నిండుగా ఉంది. నాలుగోదాంట్లో సగమే ఉంది, అదీ అంచు చెదిరిపోయి. పేరు ఉండే చోట నల్లకాగితం అంటించారు. ఏ కార్డు ఏ బిడ్డదో పరీక్ష చేసేవాళ్లకు తెలియకూడదు. ఆ నియమం పెట్టింది ఆమే.

విశాఖపట్నంలోని ఆ శిశు పరీక్షా కేంద్రానికి వకుళ అధిపతి. ఆస్పత్రుల్లో పుట్టిన పిల్లల మడమ మీద సూదితో పొడిచి, నాలుగు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి ఇక్కడికి పంపుతారు. ఆ చుక్కల్లో ఏడు జబ్బులు వెతుకుతారు. పనయ్యాక కార్డులు చల్లటి గదిలో పదేళ్లు నిలవుంటాయి. చుక్క సరిగా పడని కార్డు వస్తే తిప్పి పంపేస్తారు.

కానీ ఏడేళ్ల కిందట ఒక సగం చుక్కను ఎవరూ తిప్పి పంపలేదు. కాన్పు వార్డులో నర్సు నాలుగోసారి మడమ నొక్కుతుంటే బిడ్డ ఊపిరి తిరగకుండా ఏడ్చింది. "చాలమ్మా, వదిలెయ్" అంటూ పాదాన్ని లాగేసుకుంది వకుళే. మేడమ్ గారి బిడ్డ కార్డని ఊరుకున్నారు.

సగం చుక్కల కార్డులు ఇంకా ఎన్నో ఉండొచ్చనుకుంది ఆమె ఇప్పుడు.

"మేడమ్, కార్డు" అని చెయ్యి చాపాడు జిలానీ.

ఆ యంత్రం జిలానీది. ఎనిమిదేళ్లు దాని మీదే కూర్చున్నాడు. అది నిజం చెబుతుందో లేదో తేల్చుకోవడానికే ఇప్పుడీ పాత కార్డులు తీశారు. కార్డు నుంచి ఆవగింజంత ముక్క కత్తిరించి గాజుగొట్టంలో వేస్తే, మొదట తెర మీద ఒక మాట వస్తుంది: వైరస్ ఉంది, లేదు. అంతవరకూ కొత్తేమీ కాదు. సీఎంవీ అనే ఆ వైరస్ కడుపులో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. తల్లికి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం తప్ప ఏమీ తెలియదు. సోకిన పిల్లల్లో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది ఏ ఇబ్బందీ లేకుండా పెరుగుతారు. మిగిలినవాళ్లలో కొందరికి ఏళ్లు గడిచాక వినికిడి పోతుంది. ఎవరికి పోతుందో చెప్పలేకే ఆ పరీక్షను ఇక్కడి జాబితాలో చేర్చలేదు.

జిలానీ యంత్రం అది చెబుతుంది. చెవి లోపలి కణాల్లో వైరస్ కాపురం పెడితే, అవి నశిస్తూ వదిలిన తునకలు నెత్తుట్లో తేలుతుంటాయి. వాటిని లెక్కపెట్టి తెర మీద రెండోది, ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె, వినికిడి పోయే వయసు. రెండు మూడు నెలలు అటూ ఇటూ.

"నూట నలభై ఏడు, వైరస్ ఉంది" అన్నాడు జిలానీ. కాసేపాగి, "చెవిలో కూడా చేరింది. ఏడు పాయింట్ రెండు."

వకుళ ఆ అంకెను రిజిస్టరులో రాసుకుంది. చేతిరాత మామూలుగానే ఉంది. కూతురు మేదినికి అప్పటికి ఆరేళ్ల తొమ్మిది నెలలు.

*

నాలుగు వందల పాత కార్డుల్లో చెవుడొచ్చే పిల్లలవని యంత్రం పదకొండింటిని పట్టుకుంది. ఆ పిల్లల వినికిడి వివరాలు అబ్రహాం గారి దగ్గర సీలు వేసిన కవరులో ఉన్నాయి. ఆయన చెవుల పరీక్షల్లో ముప్పై ఏళ్లు పండిన మనిషి. కవరు విప్పి, తన పట్టికనూ యంత్రం పట్టికనూ పక్కపక్కన పెట్టి చూశాడు. పదకొండులో ఏడుగురికి ఇప్పటికే చెవుడు వచ్చింది, యంత్రం చెప్పిన వయసులోనే. మిగతా నలుగురూ బాగానే వింటున్నారు. ఆ నలుగురి అంకెలూ ఏడుకు అటూ ఇటూ ఉన్నాయి, ఆ వయసు వాళ్లకింకా రాలేదు.

ఆయన చివరి పేరు చదివి, కళ్లద్దాలు తీసి వకుళ వైపు చూశాడు.

"తెలుసండీ" అంది వకుళ.

"మీ ఆయనకి?"

"నేను చెబుతాను. నన్ను చెప్పనివ్వండి."

ఆ వారమే ఆరోగ్య శాఖ కమిషనర్ విశాలాక్షి దగ్గర సమావేశం జరిగింది. ఆవిడ కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. "ఏడుగురి లెక్క సరిపోయింది. నలుగురి సంగతి తేలలేదు. చెవులు బాగున్న పిల్లల తల్లుల్ని పిలిచి మీ బిడ్డకు చెవుడొస్తుందని చెప్పమంటే నేను చెప్పలేను. ఆరు నెలలు చూడండి. ఆ నలుగురికీ యంత్రం చెప్పినట్టే జరిగితే జాబితాలో చేరుద్దాం. లేదంటే ఇంక ఈ ఫైలు నా దగ్గరికి రాకూడదు."

బయటికొచ్చాక జిలానీ నెమ్మదిగా అన్నాడు. "ఇప్పుడు మందిస్తే ఏమైనా ఉపయోగముందా మేడమ్?"

"పుట్టిన నెలలోపు మొదలుపెట్టాలి జిలానీ. ఆ నెల ఎప్పుడో అయిపోయింది."

ఆ మందు ఏడేళ్ల కిందట కూడా ఉంది. కార్డూ ఉంది. ఆ రోజుల్లోనే ఈ వైరస్ పరీక్ష చేర్చాలా వద్దా అని ఒక కమిటీ కూర్చుంది. 'తల్లులను అనవసరంగా భయపెట్టడం తప్ప ప్రస్తుతానికి ప్రయోజనం లేదు' అని ఆ కమిటీ రాసిన నోట్ చిత్తుప్రతి ఐదో నెల కడుపుతో ఉన్న వకుళ రాసిందే. అంతకు నెల ముందే ఆమెకు మూడు రోజులు జ్వరం వచ్చి తగ్గింది.

*

ఇంట్లో ఆమె గిరిధర్‌కు చెప్పలేదు. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది.

గిరిధర్ పోర్టులో ఓడలను లాగే టగ్ పడవల ఇంజనీరు. రోజంతా ఇంజన్ల హోరులో ఉండి వచ్చి, ఇంట్లో గట్టిగా మాట్లాడతాడు. ఆ గొంతు మేదినికి వినిపించినా అది లెక్కలోకి రాదు. అందుకే వకుళ చిన్నగా మాట్లాడటం మొదలుపెట్టింది. వంటింట్లోంచి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి "అమ్మలూ" అని పిలిచేది. మేదిని "ఆఁ" అనగానే గుండె నిమ్మళించేది. ఒక్కోసారి పిల్ల బొమ్మలు వేసుకుంటూ పలికేది కాదు. అప్పుడు వకుళ చేతిలో గరిట అలాగే ఉండిపోయేది. మళ్లీ పిలిచేది. "వినిపించిందమ్మా, రంగు వేస్తున్నా" అనేది మేదిని విసుగ్గా.

జడ వేసేటప్పుడు ఒక చెవి దగ్గర వేళ్లతో చిన్న చప్పుడు చేసేది. తర్వాత రెండో చెవి దగ్గర. పదిహేను రోజులకోసారి అబ్రహాం గారి దగ్గరికి తీసుకెళ్లేది. ఆయన పిల్లను గాజుగదిలో కూర్చోబెట్టి, "కొత్త హెడ్‌ఫోన్లు తల్లీ, పనిచేస్తున్నాయో లేదో నువ్వే చెప్పాలి" అనేవాడు. చప్పుడు వినబడినప్పుడల్లా మేదిని చెయ్యెత్తేది. వకుళ అద్దం అవతల నిలబడి ఆ చేతినే చూసేది. చెయ్యి లేవడం అరక్షణం ఆలస్యమైతే అద్దానికి ఇంకా దగ్గరగా జరిగేది.

ఆఫీసులో ఆ నలుగురు పిల్లల ఫైలు ఆమె టేబుల్ మీదే ఉండేది. మేదిని కాక మిగతా ముగ్గురికీ ఏమైందో కనుక్కోవడం ఆమె పని. ఫిబ్రవరి చివర వాళ్లలో ఒక పిల్ల గురించి ఫోను వచ్చింది.

*

ఫోను చేసింది పైడితల్లి. భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లెల్లో నర్సు ఉద్యోగం. వకుళ వెళ్లేసరికి ఇసుకలో పడవ నీడన ఒక తల్లి, ఆమె ఒళ్లో ముడుచుకుని ఏడేళ్ల పిల్ల కూర్చుని ఉన్నారు.

"ఈయమ్మే నూకరత్నం మేడమ్. ఈ గుంట ఝాన్సీ" అంది పైడితల్లి.

నూకరత్నం లేచి నిలబడబోతే వకుళ వద్దని తనూ ఇసుకలో కూర్చుంది.

"పది దినాలైపోనాదండి" అంది నూకరత్నం. "బడిలో టీచరమ్మ పిలుత్తుంటే పలకట్లేదంట. మొండితనమని కొట్టీసింది. నానూ ఓ దెబ్బేసినాను. ఎనక్కి తిరిగి సూత్తాది గానీ మాటాడదు. ఇనిపించక అలాగుందని నాకేటి తెలుసు? ఈ పైడమ్మే సెప్పింది, పెద్దాసుపత్రికి తోలుకెళ్లమని."

ఝాన్సీ అమ్మ పెదవుల వైపే చూస్తోంది. అల హోరుమని విరిగినప్పుడు వకుళ ఉలిక్కిపడింది. పిల్ల ఉలిక్కిపడలేదు.

వకుళ ఉన్నదున్నట్టు చెప్పింది. పుట్టిన రోజు తీసిన నెత్తురు చుక్కలో వైరస్ ఉందని, అది ఈ మధ్యే తెలిసిందని, చెవి మిషన్లు పెట్టించే ఏర్పాటు చేస్తున్నామని.

నూకరత్నం పిల్ల తల మీద చెయ్యి వేసింది. "పుట్టినప్పుడే సూసుంటే?"

"మందు ఇచ్చేవాళ్లం. చాలామందికి చెవులు నిలబడతాయి."

"అప్పుడా మందు ఉందా?"

"ఉంది."

"మరెందుకు సూళ్లేదు?"

పైడితల్లి ఏదో సర్దిచెప్పబోయింది. వకుళ ఆపింది. "తల్లులు భయపడతారని. అలా రాసింది నేనే."

నూకరత్నం ఆమెను తేరిపార చూసింది. కోపం వస్తుందేమోనని వకుళ ఎదురుచూసింది. వస్తే బాగుండుననుకుంది.

"మా ఆయన ఏటకెల్తే రోజూ బయపడతాను" అంది నూకరత్నం. "బయం నాకేటి కొత్తా? బయపడీసి ఆ మందు తాగించుకుందును కదమ్మా."

*

ఆ ఆదివారం ఉదయం గిరిధర్ టిఫిన్ ప్లేటు పక్కకు నెట్టి అడిగాడు. మేదిని పక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి వెళ్లింది.

"ఏం జరుగుతోంది వకుళా? అమ్మ పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది నాన్నా అంటోంది పిల్ల. నువ్వు దాంతో మాట్లాడట్లేదు. పరీక్షిస్తున్నావు."

వకుళ చెప్పేసింది. కార్డు, అంకె, నలుగురు పిల్లలు, ఝాన్సీ. చెబుతున్నంతసేపూ అతను కదల్లేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"డిసెంబర్లో."

"ఇప్పుడు మార్చి." అతని గొంతు మొదటిసారి తగ్గింది. "మూడు నెలలు నేను దాన్ని భుజాలెక్కించుకుని తిరిగాను. ఏమీ తెలియకుండా."

"నీకైనా ఆ మూడు నెలలు మిగలాలనుకున్నాను."

"అది నువ్వు తేల్చేదా?"

గిరిధర్ కిటికీ దగ్గరికి వెళ్లి, కింద ఆడుకుంటున్న పిల్లను చూశాడు. "యంత్రం తప్పు చెప్పి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు. తప్పయితే ఆ ఫైలు మూసేస్తారు. పొద్దున్న లేచి అది తప్పు కావాలని దండం పెట్టుకుంటున్నాను. తర్వాత ఆఫీసుకి వెళ్లి, అది నిజమని నిరూపించే పని చేస్తున్నాను." వకుళ రెండు చేతులూ టేబుల్ మీద ఆనించుకుంది. "ఏటా ఎంతమంది పుడతారో నాకు తెలుసు గిరీ. వాళ్లలో ఎంతమంది ఝాన్సీలో కూడా తెలుసు. వాళ్లకి మందు అందాలంటే మన పిల్లకి..."

ఆ మాట పూర్తి చేయలేకపోయింది. గిరిధర్ వచ్చి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి పట్టుకోలేదు, కానీ లేచి వెళ్లిపోలేదు.

"మేదినికి చెబుదామా?" అంది ఆమె.

"ఏడేళ్ల పిల్లకి ఏమని చెబుతాం? వద్దు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిల్లను గమనించే కళ్లు రెండు జతలయ్యాయి. గిరిధర్ కూడా చిన్నగా మాట్లాడటం నేర్చుకున్నాడు.

*

ఏప్రిల్లో రెండో పిల్లవాడికి కుడి చెవి పోయింది. మే నెలలో మూడో పిల్లవాడికి రెండు చెవులూ. మేదిని ఇంకా వింటూనే ఉంది. జూన్ మధ్యలో అబ్రహాం గారి గాజుగదిలో అన్ని చప్పుళ్లకూ చెయ్యెత్తింది.

ఆ నెలాఖరున కమిషనర్ మళ్లీ సమావేశం పెట్టింది. ఈసారి వకుళ నూకరత్నాన్ని, పైడితల్లిని వెంటబెట్టుకు వచ్చింది. గదిలో ఏసీ చల్లదనానికి నూకరత్నం కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తలుపు పక్క కుర్చీ అంచున కూర్చుంది.

విశాలాక్షి లెక్క చూసుకుంది. "ముగ్గురికి అయింది. నాలుగో పాప?"

"ఇంకా వింటోంది" అన్నాడు అబ్రహాం.

"అంటే నలుగురిలో ఒకరి విషయంలో నేనిచ్చిన గడువులో జరగలేదు. రేపు ఏ తల్లికో చెవుడొస్తుందని చెబుతాం, రాదు. ఆవిడ ఏడేళ్లు నరకం పడుతుంది. దానికెవరు బాధ్యత?" ఆవిడ పాత ఫైలు తెరిచింది. "ఇక్కడ మీ కేంద్రం వాళ్లే రాశారు, తల్లులను అనవసరంగా భయపెట్టడం అని."

"అది నా రాతే మేడమ్" అంది వకుళ. "తప్పు రాశాను. ఆ నాలుగో పాప నా కూతురు."

జిలానీ తల దించుకున్నాడు. విశాలాక్షి చేతిలో పెన్ను కింద పెట్టింది.

"ఆ నరకం ఎలా ఉంటుందో ఆరు నెలలుగా చూస్తున్నాను" అంది వకుళ. "కూతురు ఆవలిస్తే భయం. తల అటు తిప్పితే భయం. కానీ నాకున్నది ఉత్త భయమే. ఇప్పుడు చెయ్యడానికేమీ లేదు. రేపు మనం చెప్పబోయే పదిరోజుల బిడ్డ తల్లికైతే భయంతో పాటు ఒక మందు సీసా ఉంటుంది. చెప్పి వదిలేయకుండా మనం ఆవిడ ఇంటికి వెళ్లాలి. అబ్రహాం గారు, పైడితల్లి, నేను, అందరం వెళ్లాలి. ఈ పరీక్ష ఒక్క మా కేంద్రం పని కాదు."

తలుపు దగ్గర నుంచి నూకరత్నం గొంతు వినిపించింది.

"నానూ ఎల్తానమ్మా. ఆ తల్లి కాడ కూకుంటాను. బయపడినోల్లకి పక్కనొక మడిసి కావాల."

విశాలాక్షి ఆమెను చూసి పెన్ను మళ్లీ అందుకుంది. తర్వాత ఫైలు మీద నాలుగు వాక్యాలు రాసింది. ముందు మూడు జిల్లాల్లో మొదలుపెట్టాలని, ఇంటికి వెళ్లి చెప్పే మనిషి లేకుండా ఏ ఫలితమూ ఫోనులో చెప్పకూడదని.

*

కొత్త పరీక్షలో పట్టుబడిన మొదటి బిడ్డ జూలైలో దొరికింది. భీమిలికి పది మైళ్ల అవతల, తొమ్మిది రోజుల ఆడపిల్ల. యంత్రం నాలుగు పాయింట్ ఐదు చూపించింది. వకుళ, పైడితల్లి వెళ్లి చెబితే ఆ తల్లి బిడ్డను గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగిపోయింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. నూకరత్నం ఆమె పక్కన చాప మీద కూర్చుని ఏదేదో చెప్పింది. మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి ఇటు తిరిగి, బిడ్డ నోరు తెరిచి పట్టుకుంది. పైడితల్లి మొదటి చుక్కలు వేసింది. బిడ్డ మొహం చిట్లించి మింగింది. నాలుగు రోజులు వకుళ అక్కడికి వెళ్లి వస్తూనే ఉంది. ఇంట్లో చిన్నగా పిలవడం ఆ నాలుగు రోజులూ మరిచిపోయింది.

ఐదో రోజు సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి గిరిధర్ సోఫాలో ఉన్నాడు. ఫోను మోగింది. రాజాం నుంచి అతని తల్లి. మేదిని పరుగెత్తుకొచ్చి ఫోను తీసి ఎడమ చెవికి పెట్టుకుంది.

"హలో" అంది. "హలో, నాయనమ్మా?"

ఒక్క క్షణం ఆగింది. ఎవరి వైపూ చూడకుండా ఫోనును కుడి చెవికి మార్చుకుంది. "ఆఁ నాయనమ్మా, చెప్పు" అని కబుర్లలో పడింది.

వకుళ చేతిలో సంచీ అలాగే ఉంది. గిరిధర్ సోఫాలోంచి సగం లేచి ఆగిపోయాడు. పిల్ల బడి గురించి, వాన గురించి చెప్పి ఫోను పెట్టేసేదాకా ఇద్దరూ కదల్లేదు.

వకుళ వచ్చి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎప్పటినుంచి అమ్మలూ?"

మేదిని అర్థం కానట్టు చూడబోయి, అమ్మ మొహం చూసి మానేసింది. "ఆదివారం నుంచి. లేచేసరికి ఈ చెవిలో ఏమీ లేదు. గుయ్‌మని మాత్రం అంటోంది."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావు కదా." పిల్ల ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుంది. "నాకు ఎప్పుడైనా వినిపించకపోతే నీ మొహం ఎలాగో అయిపోతుంది. అందుకని నువ్వు పిలిస్తే రెండో చెవి నీ వైపు తిప్పుకుంటున్నాను."

ఐదు రోజులు. ఏడేళ్ల పిల్ల ఒక్కత్తే ఆ గుయ్‌మనే చప్పుడుతో పడుకుని, లేచి, బడికి వెళ్లి వచ్చింది. వకుళకు ఏడుపు రాలేదు. లేచి కూతురి కుడివైపుకు వచ్చి కూర్చుంది. గిరిధర్ వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. అప్పుడు ఆమె మొదటి నుంచి చెప్పింది. కడుపులో ఉన్నప్పుడు తనకొచ్చిన జ్వరం గురించి, కార్డు గురించి, ఝాన్సీ గురించి. ఏమీ తగ్గించలేదు. మేదిని మధ్యలో రెండు మూడు ప్రశ్నలడిగింది.

"ఈ చెవికి మళ్లీ వినికిడి వస్తుందా?"

"రాదమ్మా. మిషన్ పెట్టుకుంటే కొంత తెలుస్తుంది."

"రెండో చెవి కూడా పోతుందా?"

వకుళ గిరిధర్ వైపు చూసింది. అతను చెప్పమన్నట్టు తలూపాడు.

"తెలియదు" అంది. "పోకపోవచ్చు. పోనూవచ్చు. నాకూ భయంగానే ఉంది."

"నాన్నకి?"

"నాక్కూడా" అన్నాడు గిరిధర్.

మేదిని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత, ఏడవకుండానే, అమ్మ భుజానికి తల ఆనించింది. వినపడని ఎడమ చెవి పైకి కనిపిస్తూ ఉంది. దాన్ని దాచుకోలేదు.

"నాయనమ్మకి ఎవరు చెబుతారు?" అంది కాసేపటికి.

"నేను చెబుతాలే" అన్నాడు గిరిధర్.

"వద్దు. నాది కదా, నేనే చెప్తా."

లేచి వెళ్లి ఫోను తీసింది. ఈసారి నేరుగా కుడి చెవికే పెట్టుకుంది. అవతల ఎత్తేదాకా నిలబడి, గొంతు సవరించుకుంది.

"నాయనమ్మా, నీకొకటి చెప్పాలి. నువ్వు భయపడతావేమో. అయినా చెప్తున్నాను."